ఎండకు పాలు తగ్గిన ఆవులకు చిలేటెడ్ మినరల్ బకెట్ కొనాలా?

పీలేరు పాడి

అందరికీ నమస్తే. మాది పీలేరు పక్క పల్లె. ఐదు ఆవులున్నాయి. మూడు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసులు, ఒక జెర్సీ క్రాసు పాలిస్తున్నాయి. ఇంకో హెచ్‌ఎఫ్ వట్టిపోయి ఉంది, మూడు వారాల్లో ఈనుతుంది.

మార్చిలో పెద్దావు పూటకు ఏడు లీటర్లు ఇచ్చేది. ఇప్పుడు పొద్దున ఐదున్నర, సాయంత్రం నాలుగు. మిగతావీ అదే దారి. వెన్న 3.8 నుంచి 3.2కి దిగింది, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో మిగిలే గట్టి పదార్థం) 7.9. కేంద్రంలో చేతికిచ్చే చీటీ చూస్తే దాణా డబ్బులు కూడా వచ్చేటట్టు లేవు.

మేత: పదకొండింటికి సూపర్ నేపియర్ గడ్డి కోసి వేస్తాను, సాయంత్రం వేరుశనగ కట్టె. పూటకు మూడు కిలోల పెల్లెట్ దాణా, అందులో కొంచెం తవుడు. కొట్టానికి సిమెంటు రేకులు, ఫ్యాను లేదు. నీళ్ల తొట్టి కొట్టం బయట ఉంది, రోజుకు మూడుసార్లు తోలుకెళ్లి తాపుతాం. మధ్యాహ్నం నాలుక బయటపెట్టి రొప్పుతాయి, చొంగ కారుతూనే ఉంటుంది.

మందుల షాపాయన రెండు ఇచ్చాడు. ఒకటి చిలేటెడ్ మినరల్ మిక్చర్, 5 కిలోల బకెట్ 1,450 రూపాయలు. రెండోది సెలీనియం, క్రోమియం, విటమిన్ ఇ కలిపిన లిక్విడ్, లీటరు 780. రెండూ కలిపి వాడితే పది రోజుల్లో ఆవుకు రెండు లీటర్లు పెరుగుతాయంటున్నాడు. ఇంకా డబ్బు కట్టలేదు, మూత తీయలేదు.

బకెట్ మీద కిలోకి ఇలా రాసుంది: జింక్ 9,600 మి.గ్రా., కాపర్ 1,200 మి.గ్రా., మాంగనీస్ 1,500 మి.గ్రా., పొటాషియం 100 మి.గ్రా., కాల్షియం 25 శాతం, ఫాస్ఫరస్ 12 శాతం. తెలిసినవాళ్లు చెప్పండి, కొనాలా? రెండూ వాడొచ్చా? ఎంత పెట్టాలి?

మదనపల్లె జెర్సీ

కొనండి అక్కా. నేను పోయిన సంవత్సరం మే ఆఖర్లో ఇలాంటి బకెట్టే వాడాను. వారం తిరిగేసరికి ఆవుకు లీటరు పైనే పెరిగింది. మా వైపు మీ అంత ఎండ కాయదు కానీ మాకూ పాలు పడిపోయాయి. చిలేటెడ్ అంటే ఒంటికి బాగా పడుతుందని మా షాపు వాళ్లూ చెప్పారు. రేటు మాత్రం బేరమాడండి, బకెట్ల మీద వాళ్లకు బాగానే మిగులుతుంది.

పాత పశువైద్యుడు

అమ్మా, లేబుల్ చూసి టైపు చేసి పెట్టావు, మంచి పని. ఈ ఫోరంలో చాలామంది మందు పేరు, డబ్బా రంగు మాత్రమే చెబుతారు. నేను సర్వీసంతా రాయలసీమలోనే చేసి రిటైరయ్యాను కాబట్టి నీ కొట్టం కళ్లకు కట్టినట్టే ఉంది.

ముందు ఆ లేబుల్ లెక్క చూద్దాం. ఈ ఎండలో మీ పెద్దావు తినే మేత, దాణా అన్నీ తేమ తీసేసి లెక్కేస్తే 12 కిలోల దగ్గర ఉంటుంది. ఆ 12 కిలోల్లో కిలోకి 60 మిల్లీగ్రాముల జింక్ ఉండాలనుకుంటే రోజుకు 720 మి.గ్రా. కావాలి. ఈ మిక్చర్ 50 గ్రాములు పెడితే 480 మి.గ్రా. వస్తుంది. మిగిలినది నేపియర్, తవుడు, దాణా నుంచి వచ్చేస్తుంది. కాపర్ లెక్కా దాదాపు ఇంతే. అంటే 50, మహా అయితే 60 గ్రాములు చాలు. 200 గ్రాములు పెట్టినంత మాత్రాన నాలుగింతల పాలు రావు, కాపర్ మాత్రం కాలేయంలో పేరుకుంటుంది.

ఇప్పుడు అదే లేబుల్‌లో పొటాషియం చూడు. కిలోకి 100 మిల్లీగ్రాములు. నువ్వు పెట్టే 50 గ్రాముల్లో 5 మిల్లీగ్రాములు. ఎండాకాలం పాలిచ్చే ఆవుకు మేతలో ఒకటిన్నర శాతం పొటాషియం ఉండాలి, అంటే రోజుకు 180 గ్రాములు. గ్రాములు! మనుషుల చెమటలో ఉప్పు ఎక్కువ పోతే, ఆవు చెమటలో పొటాషియం ఎక్కువ పోతుంది. ఈ వేడిలో ఎక్కువగా పోయేదాన్ని తీర్చడానికి ఆ బకెట్లో ఏమీ లేదు. లేబుల్ మీద పేరుంది, అంతే. నీ అదృష్టం కొద్దీ పచ్చ నేపియర్‌లో పొటాషియం బాగా ఉంటుంది, బెల్లం మడ్డిలోనూ ఉంటుంది. అందుకని నేపియర్ తగ్గించొద్దు. ఇది చదివి ఎవరైనా ఎరువుల షాపులో ఎర్ర పొటాష్ కొనుక్కొస్తారేమో, ఆ పని అస్సలు చేయకండి. అది పొలానికి వేసేది. పైగా అందులోని క్లోరైడు మనకు కావలసిన పనికి అడ్డం.

ఆ పనేంటంటే, ఆవు రొప్పినప్పుడు ఊపిరితో బొగ్గుపులుసు గాలి ఎక్కువగా పోతుంది. రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేసుకోడానికి ఒంట్లోని బైకార్బొనేటును, దాంతోపాటు సోడియంను మూత్రంలో వదిలేస్తుంది. ఇంకోపక్క చొంగ నేలపాలవుతోంది. ఆ చొంగలోనే కడుపులో పులుపును విరిచే సోడా ఉండేది. ఎండకు గడ్డి మానేసి దాణా మాత్రం తింటుంది, కాబట్టి నెమరు తగ్గి కడుపు ఇంకా పులుస్తుంది. మీ వెన్న 3.8 నుంచి 3.2కి దిగడానికి సగం కారణం ఇదే. జింక్ లోటుతో నెలన్నరలో వెన్న ఇట్లా పడదు.

కాబట్టి ముందు కొనాల్సింది వంట సోడా. పాలిచ్చే ఆవుకు రోజుకు 120 గ్రాములు, రెండు పూటలా దాణాలో పంచి కలుపు. మొదటి మూడు నాలుగు రోజులు 50తో మొదలుపెట్టు, లేకపోతే రుచికి దాణా వదిలేస్తాయి. దాంతోపాటు మామూలు ఉప్పు 50 గ్రాములు. ఈ రెండింటితో సోడియం 50 గ్రాములు దాటుతుంది, దాణాలో ఉండే ఉప్పుతో కలిపి ఎండాకాలం లెక్కకు సరిపోతుంది. కానీ ఉప్పూ సోడా పెట్టి నీళ్లు కొలిచి తాపితే ఆవును చంపినట్టే. నీళ్లు ఎప్పుడూ నోటికి అందాలి. ఇంత పాలిచ్చే ఆవు ఈ ఎండలో 80 నుంచి 100 లీటర్లు తాగుతుంది. రోజుకు మూడుసార్లు తోలుకెళ్తే అది తాగలేదు. పైగా ఎండలో ఉన్న తొట్టి నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. తొట్టిని కొట్టంలోకి తే, లేదా పైన పందిరి వెయ్యి. నాకు అడిగే హక్కుంటే ఈ ఒక్క పని రేపే చేయమంటాను.

తర్వాత మేత వేళ. ఆవు పెద్ద కడుపు పొయ్యిలాంటిది. పీచు పులియడానికే బోలెడు వేడి పుడుతుంది, తిన్న మూడు నాలుగు గంటలకు అది బాగా పెరుగుతుంది. నువ్వు పదకొండింటికి నేపియర్ వేస్తున్నావు. రెండింటికి బయట ఎండా, లోపల పొయ్యీ రెండూ కలుస్తున్నాయి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒక మేత, రాత్రి ఎనిమిది దాటాక పెద్ద మేత వెయ్యి. మూడింట రెండు వంతులు చల్లని వేళలోనే పడాలి. నేపియర్ ముక్కలు కొట్టి వేస్తే ఇంకా మంచిది.

ఇక నువ్వడిగిన సూక్ష్మ ఖనిజాల సంగతి. వాటికి పని లేదని నేననడం లేదు. ఎండకు ఒంట్లో కణాలు దెబ్బతింటాయి. ఆ దెబ్బను ఆపే ఎంజైములకు జింక్, కాపర్, మాంగనీస్, సెలీనియం కావాలి. వేడికి పేగు గోడలు వదులై లోపలి విషాలు రక్తంలోకి జారతాయి, ఆ గోడ గట్టిగా ఉండడానికి జింక్ పనికొస్తుంది. చనుమొనల రంధ్రాన్ని మూసే పొరకూ, గిట్టలకూ అదే. మరి ఫలితం ఎక్కడ కనిపిస్తుంది? పొదుగువాపు తగ్గడంలో, వానలు పడ్డాక ఆవు ఎదకు రావడంలో, కట్టించినది నిలవడంలో. వచ్చే వారం పాల చీటీలో కాదు. పాలు పడిపోవడంలో సగం మేత తగ్గడం వల్ల, మిగతా సగం వేడికి ఒంట్లో జరిగే మార్పుల వల్ల. మినరల్ ఈ రెంటిలో దేన్నీ పది రోజుల్లో తిప్పలేదు. పది రోజుల్లో రెండు లీటర్లన్న మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. మదనపల్లె తమ్ముడి అనుభవం నిజమే అయ్యుంటుంది, కానీ మే ఆఖర్లో మీ వైపు వానలు మొదలవుతాయి కదా తమ్ముడూ, ఆ వారం వాన పడిందేమో గుర్తు తెచ్చుకో.

చిలేటెడ్ అంటే ఖనిజాన్ని అమైనో ఆమ్లానికి కట్టి ఇవ్వడం. కొంచెం మెరుగ్గా ఒంటబడుతుంది, నీళ్లలో ఇనుము, గంధకం ఎక్కువున్నచోట ఆ తేడా ఇంకా తెలుస్తుంది. అయితే చాలా డబ్బాల్లో ఒకటి రెండు ఖనిజాలే చిలేట్, మిగతావి మామూలు సల్ఫేటే. లేబుల్‌లో జింక్ మెథియోనిన్ అని ఉందా, జింక్ సల్ఫేట్ అని ఉందా చూడు. ఏదీ రాయకపోతే మామూలుదనుకో. ఐఎస్ 1664 (భారత ప్రమాణం) గుర్తున్న మామూలు మినరల్ మిక్చర్ ఏ పాల సంఘంలో దొరికినా ఈ ఐదు ఆవులకు చాలు. అది ఎండాకాలమే కాదు, ఏడాదంతా పెట్టాలి.

ఆ లిక్విడ్ మాత్రం తిరిగి ఇచ్చెయ్. క్రోమియంతో ఎండలో మేత కొంచెం పెరిగిందని కొన్ని ప్రయోగాల్లో తేలింది, కొన్నింట్లో ఏ తేడా రాలేదు. 780 పెట్టేంత నమ్మకం నాకు లేదు. సెలీనియం ఆవుకు కావలసింది రోజుకు మూడు నాలుగు మిల్లీగ్రాములు మాత్రమే. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. దాణాలో కొంత, బకెట్లో కొంత, లిక్విడ్లో కొంత, మధ్యలో ఎవరో వచ్చి సెలీనియం ఇంజక్షన్ ఒకటి. ఇవన్నీ ఎవరు కూడుతున్నారు?

చివరిగా ఒక పని చెయ్యమ్మా. 150 రూపాయలకు థర్మామీటర్ దొరుకుతుంది. తెల్లవారుజామున, ఎండ రాకముందు, ప్రతి ఆవుకూ వెనక పెట్టి చూడు. అలాగే మధ్యాహ్నం రెండింటికి డొక్క ఎగిరేది నిమిషంపాటు లెక్కపెట్టు. 60 దాటితే వేడి తగిలినట్టు, 80 దాటితే అప్పటికప్పుడు తడపాలి. ఆ అంకెలు ఇక్కడ పెట్టు.

కంకిపాడు గేదెలు

డాక్టరు గారు చెప్పినదానికి ఒక చిన్న మాట. మా కృష్ణా జిల్లాలో 36 డిగ్రీలే ఉన్నా ఉక్క చంపుతుంది. మేం ఫాగర్లు (సన్నని నీటి తుంపర చల్లేవి) పెట్టించాం. కొట్టంలో పొగమంచులా నిండిపోయి గాలాడక పశువులు ఇంకా రొప్పాయి. పీలేరు పాడి గారూ, మీరు ఫాగరు కొంటే గాలి ఆడే ఏర్పాటుతోనే కొనండి. మేం ఇప్పుడు పైపుతో ఒళ్లు తడిపి, ఫ్యాను కింద నిలబెడుతున్నాం. గేదెలైతే చెరువులో దింపితే సరి, ఆవులకు ఆ సుఖం లేదు.

జగిత్యాల - సౌదీ

అక్కా, నాది జగిత్యాల దగ్గర. సౌదీల అల్ ఖర్జ్ పక్కన పెద్ద డెయిరీ ఫారంల పనిజేస్తున్న. ఇక్కడ జూలైల 46, 47 డిగ్రీలుంటది, అయినా మొత్తం హెచ్‌ఎఫ్ ఆవులే. అందరూ దాణాల ఏం కలుపుతరని అడుగుతరు. దాణాల అన్నీ కలుపుతరు నిజమే, మినరల్, సోడా, అన్నీ తూకం ప్రకారం. కానీ కరెంటు పోయి ఫ్యాన్లు ఒక్క గంట ఆగితే ఆఫీసర్లు ఉరుకుతరు. మినరల్ ఒకపూట లేటయితే ఎవ్వరూ ఉరకరు. దాన్నిబట్టి మీరే అర్థం చేసుకోండ్రి.

ఇక్కడ గాలి ఎండిపోయి ఉంటది గనుక నీళ్ల తుంపర పని చేస్తది. మీ పీలేరుల కూడా మే నెల మధ్యాహ్నం గాలి పొడిగానే ఉంటది గద, కంకిపాడు అన్నకున్న కష్టం మీకు అంతగా రాదు. పాలు పిండే ముందు ఆవుల్ని ఒక జాగల నిలబెట్టి తడుపుడు, గాలి కొట్టుడు, మళ్ల తడుపుడు చేస్తం. తడి వెంట్రుకల కింద తోలు దాకా పోవాలె. పైపైన చల్లితే నీళ్లు దండుగ. తడిపినంక గాలి తప్పకుండ కావాలె, ఉత్త తడి సరిపోదు. ఒక్క సంగతి, పొదుగు మీద నీళ్లు కారుతుండంగ పాలు పిండకుండ్రి.

పీలేరు పాడి

అందరికీ చాలా థాంక్స్. లిక్విడ్ వెనక్కిచ్చేశాను, షాపాయన ముఖం మాడ్చుకున్నాడు. బకెట్ మాత్రం ఉంచుకున్నాను, లేబుల్ చివర జింక్ మెథియోనిన్ అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆవుకు 50 గ్రాముల చొప్పున పెడుతున్నాను. తొట్టి కొట్టంలోకి వచ్చింది. రేకులకు సున్నం కొట్టించి, పైన కొబ్బరి మట్టలు పరిపించాను. ఒక పాత గోడ ఫ్యాను బిగించాం. మేత రాత్రికి మార్చాను, రాత్రి వేసిన నేపియర్ తెల్లారేసరికి మొదలు కూడా మిగల్చడం లేదు. పాలు లీటరున్నర తిరిగొచ్చాయి, వెన్న 3.5 చూపిస్తోంది.

ఇక అంకెలు. హెచ్‌ఎఫ్ మూడూ తెల్లవారి 101.4 నుంచి 101.8 మధ్య ఉన్నాయి. మధ్యాహ్నం డొక్క 70 దాకా ఎగురుతోంది. జెర్సీ మాత్రం తెల్లవారి కూడా 104. మధ్యాహ్నం 105. ఫ్యాను కింద నిలబెట్టినా దిగలేదు. మేత అసలు ముట్టడం లేదు. దీనికి ఎండ ఎక్కువ తగిలిందా సార్? సోడా పెంచాలా?

పాత పశువైద్యుడు

జెర్సీకి సోడా వద్దు, ఇంకేమీ వద్దు, ఈరోజే డాక్టరును పిలువు. ఎండ తగిలిన ఆవు రాత్రి చల్లబడితే తెల్లారేసరికి మామూలుకు వస్తుంది, నీ హెచ్‌ఎఫ్‌లు వచ్చినట్టు. తెల్లవారి 104 ఉంటే అది జ్వరం. పొదుగు కింద, చెవుల్లో, తోక మొదట్లో పిడుదులున్నాయా చూడు. భుజం ముందు చెయ్యి పెట్టి తడిమితే గడ్డ తగులుతుందా? కింది కనురెప్ప లాగి చూడు, లోపల పాలిపోయి ఉందా? మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వస్తోందా? ఎండాకాలంలో క్రాసు ఆవులకు పిడుదుల వల్ల వచ్చే రక్తపు జబ్బులు థైలీరియా, బబీసియా బాగా వస్తాయి, అందరూ ఎండదెబ్బనుకుని వారం పోగొట్టుకుంటారు. చెవి నుంచి రక్తం తీసి గాజు పలక మీద చూస్తే తేలిపోతుంది. రెండింటికీ మందులు వేరు, అందుకని చూడకుండా ఇంజక్షన్ చేయించొద్దు. 1962కు ఫోను చేస్తే పశువైద్య సంచార వాహనం వస్తుంది.

పీలేరు పాడి

గడ్డ ఉంది సార్, భుజం ముందు, నిమ్మకాయంత. పిడుదులూ ఉన్నాయి. మా ఆయన ఫోన్ చేశాడు, వాహనం దారిలో ఉందంట. ఇంకొక్కటే అడుగుతాను. వట్టి ఆవు ఈనడానికి దగ్గర పడింది. దానికీ అదే దాణా కలుపుతున్నాం కదా, సోడా దానికీ పడుతోంది. పరవాలేదా?

పాత పశువైద్యుడు

ఆపెయ్యమ్మా, ఈ పూట నుంచే. దాని దాణా వేరే గంపలో కలుపు. ఈనే ముందు మూడు వారాలు సోడా తిన్న ఆవుకు ఈనగానే ఎముకల నుంచి కాల్షియం వెంటనే రక్తంలోకి దిగదు. పాలజ్వరం వచ్చి పడిపోతుంది. పొటాషియం ఎక్కువైనా అదే గొడవ. అందుకని పాలిచ్చేవాటికి నేపియర్ తగ్గించొద్దన్నానే, దీనికి మాత్రం తగ్గించు. ఎండుగడ్డి ఎక్కువ వెయ్యి, నేపియర్ నోటి రుచికి కొద్దిగా చాలు. పైన ఉప్పు చల్లొద్దు, దాణాలో ఉన్నది సరిపోతుంది. క్యాల్షియం టానిక్ ఈనేదాకా పట్టించొద్దు. నీ బకెట్లో 25 శాతం కాల్షియం ఉంది కాబట్టి దాన్నీ దీనికి 30 గ్రాములు దాటనివ్వకు.

ఫ్యాను గాలి పాలిచ్చేవాటికే పెట్టి, దీన్ని చివర రేకుల కింద కట్టేసి ఉంటావు. అందరూ అంతే చేస్తారు, పాలివ్వడం లేదు కదా అని. దీన్నీ గాలి తగిలేచోటికి మార్చు. వట్టి రోజుల్లో ఎండకు మాడిన ఆవు ఈనాక పాలు తక్కువిస్తుంది, దూడ కూడా తూకం తక్కువ పుడుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసి గట్టిగా తేల్చారు. ఈనిన రెండో రోజు నుంచి దీనికీ సోడా మొదలుపెట్టొచ్చు, 50 గ్రాములతో. జెర్సీ రక్త పరీక్షలో ఏం వచ్చిందో ఇక్కడ రాయి.